ఈ నష్టాన్ని తాకరాదు

చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. తుపాను వెళ్లిపోయిన మర్నాటి ఉదయం. ఊళ్లో కరెంటు లేదు గానీ నా ఫోనులో కొంచెం ప్రాణం మిగిలింది. ఆ కాస్త ప్రాణాన్నీ మండలం సారు వాడుకున్నారు.

"తాయారూ, రాసుకో. అత్యవసరం," అన్నారు.

"అలాగే సార్," అన్నాను.

నేను పల్లపుపాలెం రైతు సేవా కేంద్రంలో సహాయకురాలిని. ఈ ఉద్యోగానికి వ్యవసాయ డిప్లొమా ఉండాలంటారు గానీ, నిజానికి కావలసింది 'అలాగే సార్' అన్న రెండు మాటలే. అవి నాకు పుట్టుకతోనే వచ్చాయి. మా ఊరి బడిలో మాస్టారు, "ఈ పిల్ల మాట్లాడదు, చూస్తుంది," అనేవారు. ఆయన మెచ్చుకున్నారో విసుక్కున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రభుత్వం మాత్రం మెచ్చుకుని ఉద్యోగం ఇచ్చింది.

సారు చెప్పింది ఇది. తుపానుకు నేలకొరిగిన వరికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అయితే నేలకొరగడం అంటే ఏమిటో ఇన్నేళ్లూ ఎవరూ శాస్త్రీయంగా నిర్వచించలేదు. అందువల్ల నిలబడ్డ చేలు కూడా పడిపోయినట్టు నమోదైపోతున్నాయి. ఈ ఏడాది నిర్వచించారు. వరి దుబ్బు నేలతో చేసే కోణం ముప్పై డిగ్రీలకు మించకపోతే అది 'పతనం'. ముప్పై దాటితే 'వాలు'. అరవై దాటితే 'నమస్కార స్థితి'. పరిహారం పతనానికి మాత్రమే.

"కోణం దేనితో కొలవాలి సార్?"

"పరికరాలు త్వరలో సమకూర్చబడును. అంతవరకు స్థానిక వనరులను వినియోగించుకోవలెను," అన్నారు. సారు ఫోనులో కూడా సర్క్యులర్ భాషే మాట్లాడతారు. ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైతే ఈయన ఏమంటారో అని నాకు చాలాసార్లు అనిపించింది గానీ, అడగలేదు.

స్థానిక వనరు నా ట్రంకుపెట్టెలో ఉంది. పదో తరగతినాటి జామెట్రీ బాక్సు. వృత్తలేఖిని ములుకు ఎప్పుడో విరిగింది గానీ, కోణమాని మాత్రం చెక్కుచెదరలేదు. అవతలి వస్తువు కనిపించే ప్లాస్టిక్ అర్ధచంద్రం. చదివిన చదువు ఎప్పటికైనా అక్కరకొస్తుందని మా నాన్న అంటూ ఉండేవాడు. ఆ మాట నిజమైనందుకు గర్వపడుతూ చేట పక్కన పెట్టి లేచాను. రాళ్లు సగమే ఏరాను. ఆ పూట మా ఇంట్లో అందరూ అన్నం చాలా జాగ్రత్తగా నమిలారు.

మా నాన్న పేరు వీరభద్రం. రోడ్డు పక్కన మాకు ఎకరం చేను ఉంది. నేను వెళ్లేసరికి నాన్న మోకాలి లోతు బురదలో వంగి ఉన్నాడు. గింజ గట్టిపడుతున్న చేనంతా చాప పరిచినట్టు పడుకుని ఉంది. నాన్న నాలుగేసి దుబ్బులను, పసిబిడ్డ మెడ కింద చెయ్యి వేసి లేపినట్టు లేపి, దగ్గరకు చేర్చి, గడ్డిపరకతో నడుం దగ్గర ముడి వేస్తున్నాడు. అలా కడితే నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. పడిన చేనుకు మా వైపు చేసే వైద్యం ఇదే. వెన్ను నీళ్లలో నానితే గింజ మొలకెత్తుతుంది. లేపి కడితే గాలికి ఆరి దక్కుతుంది. మనిషి నడుం మాత్రం దక్కదు.

"నాన్నా, ఆగు! ముట్టుకోకు!" అన్నాను గట్టు మీంచి.

"ఏం, పావుందా?" అని చుట్టూ చూశాడు.

"పాము కాదు. కొలవాలి."

"కొలుచుకో. నువ్వు కొలిచేలోగా ఇంకో నాలుగు కట్టేత్తాను."

నిర్వచనం మొత్తం చదివి వినిపించాను. నాన్న నడుం నిటారు చేసి శ్రద్ధగా విన్నాడు.

"అంటే, పడుకునుంటే డబ్బులిత్తారు. లేపితే ఇవ్వరు."

"అవును."

"లేపకపోతే మొలకొచ్చేద్ది కదే?"

"మొలక గురించి ఇందులో లేదు నాన్నా."

నాన్న నవ్వాడు. మళ్లీ వంగి, "మా అమ్మాయి మంచి ఉద్యోగవే సంపాదించింది," అని చేతిలో ఉన్న దుబ్బుతో చెప్పాడు.

కోణమానిని బురద మీద ఆనించి, నాన్న కట్టిన దుబ్బును కొలిచాను. ఎనభై అయిదు. ఆఫీసు ట్యాబ్‌లోని నష్టాల యాప్‌లో 'నష్టం లేదు' అని నొక్కాను. సొంత తండ్రి అని కూడా చూడకుండా ఉన్నది ఉన్నట్టు నమోదు చేశాను. ఆ రోజంతా నా నిజాయితీని తలుచుకుని మురిసిపోయాను కూడా.

పక్క చేను బుల్లియ్య బాబాయిది. నాన్నకు వరసకి తమ్ముడు. బాబాయిది బాగా పల్లం, చేను పూర్తిగా మునిగింది. అయినా ఒక దుబ్బు ముప్పై మూడు డిగ్రీలు చూపించింది.

"ముప్పై దాటితే వాలు, బాబాయ్. డబ్బులు రావు."

బాబాయి నా మొహం చూశాడు, దుబ్బును చూశాడు, మడమతో నెమ్మదిగా నొక్కాడు. "ఇప్పుడు సూడమ్మా, ఎలాగుందో!" అన్నాడు.

చాలా బాగుంది. ఇరవై రెండు.

ఆ వారంలోనే చిక్కొచ్చిపడింది. ఉదయం నేను 'పతనం' అని నమోదు చేసిన చేలు సాయంత్రానికి లేచి నిలబడుతున్నాయి. నాన్నను చూసి మిగతావాళ్లూ లేపి కట్టడం మొదలుపెట్టారు. నేను మళ్లీ కొలిచి పంపుతుంటే, జిల్లా ఆఫీసు కంప్యూటరులో పల్లపుపాలెం నష్టం పూటపూటకూ తగ్గిపోతోంది. నష్టం ఇలా తగ్గిపోతే పరిహారం ఎవరికివ్వాలని పైవాళ్లు కంగారుపడి, ఒక ప్రత్యేకాధికారి గారిని పంపించారు.

ఆయన బడి వరండాలో సభ పెట్టారు. రైతులు చేలల్లోంచి బురద కాళ్లతోనే వచ్చి కూర్చున్నారు.

"రైతు సోదరులారా! మీ నష్టాన్ని గుర్తించడానికి ప్రభుత్వం కృతనిశ్చయంతో ఉంది. కానీ గుర్తించేలోపే మీలో కొందరు నష్టాన్ని ఏకపక్షంగా తొలగిస్తున్నారు. నష్టం మీది కావచ్చు, దాని ఆధారం ప్రభుత్వానిది. కేంద్ర బృందం వచ్చి తుది పరిశీలన చేసేవరకు ప్రతి రైతూ తన నష్టాన్ని యథాతథంగా కాపాడుకోవాలి. నేటి నుంచి నష్ట పరిరక్షణ వారోత్సవాలు ప్రారంభమవుతున్నాయి!"

మండలం సారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

బుల్లియ్య బాబాయి లేచి తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. "ఆయ్, చిన్న మాటండి. నష్టాన్ని కాపాడితే, మరి పంట ఏవవుద్దండి?"

"దిగుబడి వేరే విభాగం చూసుకుంటుంది. మాది విపత్తు విభాగం."

"ఆ విభాగం వోరు ఎప్పుడొత్తారండి?"

"దిగుబడి వచ్చాక."

బాబాయి, "ఆయ్, బాగుందండి," అని కూర్చున్నాడు.

తర్వాత ప్రతిజ్ఞ. మైకులో నేనే చెప్పించాను. నా గొంతు మామూలుగా పక్కవాళ్లకు కూడా వినిపించదు గానీ, మైకు దయవల్ల ఆ రోజు ఊరంతా వినిపించింది. "నా నష్టం నా బాధ్యత. దానిని నేను తాకను, ఇతరులను తాకనివ్వను." అందరూ కుడిచెయ్యి చాచి నా వెనకాలే అన్నారు. నాన్న కూడా చెయ్యి చాచాడు. వేళ్ల మధ్య గడ్డిపరక ఇంకా ఉంది. ఇంటికొచ్చాక అమ్మతో, "చెయ్యి చాపాను గానీ మాట ఇవ్వలేదు," అని చెప్పాడట.

సగం లేపినవాళ్లు ఆ సాయంత్రమే కట్లు విప్పి, దుబ్బులను మళ్లీ బురదలో పడుకోబెట్టారు. నాన్న పేరు అప్పటికే 'నష్టం లేదు'లో ఖరారైపోయింది కాబట్టి ఆయనకు విప్పే అవసరం కలగలేదు. మిగిలిన మూల కూడా లేపి కట్టేశాడు.

గట్ల మీద పాతడానికి బోర్డులు రాసింది నేనే. మా బడిలో చేతిరాత బహుమతి ప్రతి ఏడూ నాకే వచ్చేది. 'ఈ నష్టము ప్రభుత్వ పరిశీలనలో ఉన్నది. తాకరాదు.' ఎర్రరంగుతో, అంచులకు లతలు కూడా వేశాను. ప్రత్యేకాధికారి గారు లతల్ని మెచ్చుకున్నారు. ఆ ఉత్సాహంలో కావలసినవాటికన్నా ఎక్కువ రాసేశాను. మిగిలిన బోర్డును ఎక్కడ పెట్టాలో తెలియక బడి మరుగుదొడ్డి ముందు పెట్టారు. అక్కడ అది అన్నింటికన్నా సరిగ్గా అతికింది.

గట్ల మీద తలారి విజిల్ పట్టుకుని తిరిగాడు. చేలో ఎవరు వంగినా విజిల్. కూరలోకి కలంబూర ఆకు కోసుకోవడానికి వంగిన ముసలమ్మ మీద కూడా వేశాడు. బోర్డులు రావడం కొంగలకు బాగా నచ్చింది, వాలడానికి వీలుగా ఉన్నాయి.

వారోత్సవాల చివరిరోజు 'ఉత్తమ నష్ట రైతు'ను ఎంపిక చేశారు. బుల్లియ్య బాబాయికి వచ్చింది. ఆయన మడమ చలవతో చేలో ఒక్క దుబ్బు కూడా పది డిగ్రీలు దాటలేదు. ప్రత్యేకాధికారి గారు శాలువా కప్పి, "తుపాను ఏ స్థితిలో అప్పగించిందో, ఈయన అదే స్థితిలో మనకు అప్పగించారు. ఇది క్రమశిక్షణ అంటే!" అన్నారు. బాబాయి ఏడుపో నవ్వో తెలియని మొహంతో ఫోటో దిగాడు. ఆ ఫోటో తీసింది నేనే. బాగా వచ్చింది.

అదే సభలో నాన్నకు నోటీసు తయారైంది. తుపాను ప్రభావిత గ్రామంలో నివసిస్తూ, ఏ కారణం చేత నష్టపోలేదో వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. సాయంత్రం అమ్మ నాన్న నడుం మీద వేణ్నీళ్లు పోస్తుండగా తీసుకెళ్లి ఇచ్చాను.

"ఎవరిచ్చారే ఇది?" అన్నాడు నాన్న.

"ప్రభుత్వం."

"తెచ్చిందెవరు?"

"నేనే."

"మరి జవాబెవరు రాత్తారు?"

"నేనే."

"ఆ జవాబు తీసుకునేదో?"

"నేనే నాన్నా."

అమ్మ చెంబు కింద పెట్టింది. "అన్నీ నువ్వే చేసుకునేటప్పుడు మధ్యలో ఈయన్నెందుకే తడి ఒంటితో నిలబెడతావు?" అంది.

జవాబు నేనే రాశాను. 'నడుము వంచు అలవాటు చిన్నతనము నుండి ఉన్నందున, పొరపాటున నష్టపోలేదు. ఇకముందు ఇటువంటిది జరగకుండా చూసుకొనగలవాడను.' నాన్న వేలిముద్ర వేసి, "అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే," అన్నాడు. మండలం సారు ఆ జవాబును మిగతా మండలాలకు నమూనాగా పంపించారు.

తర్వాత ముసురు పట్టింది. పడుకున్న చేలల్లో వెన్నులు నానాయి. ఒకరోజు పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే, బోర్డుల చుట్టూ సన్నగా పచ్చటి మొలకలు. మర్నాటికి ఇంకా పచ్చగా. నాలుగు రోజులకి రోడ్డు మీంచి చూస్తే ఊరంతా నారుమడిలా ఉంది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. కింద గింజ మాత్రం కుళ్లిపోతోంది. బాబాయి ఒక వెన్ను తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నాకు ఇవ్వబోయి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. "వద్దులే, నువ్వింకా టిఫిను తినలేదేమో," అన్నాడు.

నేను వెంటనే పైకి తెలియజేశాను. పైనుంచి అభినందన వచ్చింది. ఉపగ్రహం తీసిన ఫోటోలో పల్లపుపాలెం పచ్చదనం అసాధారణంగా పెరిగిందట. రాష్ట్రంలో ఇంత త్వరగా కోలుకున్న ఊరు మరొకటి లేదట. మొలకలన్న సంగతి నేను మళ్లీ రాశాను. అయితే పంటను 'కోత దశ' నుంచి 'నారు దశ'కు మార్చామని జవాబొచ్చింది. నారు దశలో తుపాను రాలేదు కాబట్టి, నష్టం లేదు.

ఊరు ఊరంతా నా ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. ఎవరూ అరవలేదు. ఆ పరిహారం వస్తే తప్ప దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఎవరింట్లోనూ విత్తనం కొనే దారి లేదు. నేను అందరికీ మంచినీళ్లు ఇచ్చాను. మా కార్యాలయంలో నా అధికారంతో మంజూరు చేయగలిగింది అదొక్కటే.

నిన్న సాయంత్రం ప్రత్యేకాధికారి గారు స్వయంగా వచ్చారు. మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు.

"అమ్మా తాయారూ, మీ తండ్రిగారి చేను ఇంకా నిలబడే ఉందా?"

"ఉంది సార్. రేపు కోత."

"ఎవరి అనుమతితో?"

"పండింది సార్."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కేంద్ర బృందం రేపు మధ్యాహ్నం వస్తోంది. వారికి పండి నేలకొరిగిన వరిని చూపించాలి. ఊరంతా పచ్చగా ఉంది. పచ్చటి ఊరికి పరిహారం ఏమని అడుగుతాం?"

"అవి మొలకలు సార్."

"మొలకలని తెలియాలంటే కారు దిగాలి. పర్యటన కార్యక్రమంలో దిగడం లేదు. రోడ్డు మీంచి కనిపించే పండిన చేను మీది ఒక్కటే. కనుక ఊరి విస్తృత ప్రయోజనాల దృష్ట్యా దానిని పూర్వ నష్ట స్థితికి పునరుద్ధరించాలి. తాత్కాలికంగానే. వారు వెళ్లాక యథావిధిగా లేపుకోవచ్చు."

పండిన వెన్నును మళ్లీ పడుకోబెడితే గింజ అక్కడే రాలిపోతుందని, మళ్లీ లేపడానికి గడ్డి తప్ప ఏమీ మిగలదని అనాలనుకున్నాను. నోటి నుంచి మాత్రం, "ఎన్ని డిగ్రీలు సార్?" అని వచ్చింది.

"ముప్పైకి మించరాదు. ఇరవై అయిదైతే నిండుగా కనిపిస్తుంది."

"మరి నాన్నకి పరిహారం..."

"ఆయన నష్టపోనివారిలో ఖరారయ్యారు. 'నష్టం లేదు' అని ఖరారైనదాన్ని వెనక్కి తిప్పే వెసులుబాటు యాప్‌లో లేదు." కొంచెం ఆలోచించి, "శాలువా విషయం పరిశీలిస్తాం," అన్నారు.

"అలాగే సార్," అన్నాను.

ఇవాళ పొద్దున్న మళ్లీ చేటలో బియ్యం పోసుకుని కూర్చున్నాను. కోత కూలీలకు వండాలి. అమ్మ పొయ్యి ముట్టించింది. నాన్న అరుగు మీద కొడవలి నూరుతున్నాడు. ఈ తుపాను తర్వాత నాన్న ఈలపాట విన్నది ఇవాళే. కోణమాని కిటికీలో ఉంది. బుల్లియ్య బాబాయి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. చలికి శాలువా తలకు చుట్టుకున్నాడు.

రాళ్లు ఏరుతూనే, తల ఎత్తకుండా, ప్రత్యేకాధికారి గారు చెప్పిందంతా చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. శాలువా సంగతి కూడా చెప్పాను. రాత్రంతా ఇది చెప్పకుండా ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు. నేను మాట్లాడనని అందరికీ తెలిసిందే కదా.

అమ్మ ఊదుడు గొట్టం పట్టుకుని బయటికొచ్చింది. "ఏంటే నువ్వు మాట్లాడేది? నడుం పడిపోయేలా ఒక్కో దుబ్బూ లేపాడు మీ నాన్న. రోజుల తరబడి కట్టుకి నిలబడ్డ చేను, ఇప్పుడు ముడి విప్పినా దానంతటది పడుకోదే! ఒక్కోదాన్నీ చేత్తో పట్టుకుని తొయ్యాలి. ఎవరు తోత్తారు? నువ్వా, నీ సారా?"

"ఊరుకో వదినా, పిల్లేం చేత్తాది," అన్నాడు బాబాయి. నాన్న వైపు తిరిగాడు. "వద్దన్నియ్యా. నేను దానికోసం రాలేదు. ఒట్టు."

"మరెందుకొచ్చావురా ఇంత పొద్దున్నే?" అన్నాడు నాన్న.

బాబాయి ఒళ్లో శాలువా కొస పక్కకు తీశాడు. కింద కొడవలి ఉంది.

"కూలికొచ్చాను. మా సేలో కొయ్యడానికేం లేదు కదా," అన్నాడు. తర్వాత తను అన్నది సరదా మాటే అన్నట్టు నవ్వబోయాడు.

రాయి మీద కొడవలి చప్పుడు ఆగింది. అమ్మ లోపలికి వెళ్లలేదు. నేను ఏరిన రాళ్లనే మళ్లీ చేటలో వేసి మళ్లీ ఏరుతున్నానని కాసేపటికి గమనించాను.

నాన్న లేచాడు. నూరిన కొడవలి అంచును బొటనవేలితో ఒకసారి చూసి, చూరులో దోపాడు. బాబాయి ఒళ్లోంచి ఆయన కొడవలి కూడా తీసి దాని పక్కనే దోపాడు. బాబాయి అడ్డుపడబోయి, తలకున్న శాలువా జారితే దాన్ని పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాన్న నా దగ్గరికి వచ్చాడు. నన్నేమైనా అంటాడని చేట కింద పెట్టాను. నా మీదుగా చెయ్యి చాపి, కిటికీలో ఉన్న కోణమాని తీసుకుని, దాని మీది ఎండు బురదను పంచె అంచుతో తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఉత్త చేతులతో మెట్లు దిగి చేనువైపు వెళ్లిపోయాడు.